మా తాతయ్య పెట్టిన రాశి పేరు

నా చిన్నప్పుడు, జమ్మలమడుగులోని మా ఇంట్లో, మా బాబాయి తన కూతురి ముఖాన్ని మొదటిసారి నూనెలో చూశాడు. బిడ్డ మూలా నక్షత్రంలో పుట్టింది, తండ్రికి గండమన్నారు. శాంతి చేయించి, ఇత్తడి గిన్నెలో నువ్వుల నూనె పోసి, అందులో పడిన బిడ్డ నీడను చూడమన్నారు. ఆయన చూసి లేచి వెళ్లిపోయాడు. బిడ్డవైపు తిరగనైనా లేదు.

తల్లీబిడ్డలను ముద్దనూరులోని పిన్ని పుట్టింటికి పంపేయాలని మా అవ్వ పట్టుబట్టింది. బడిపంతులుగా చేసిన మా తాతయ్య ఒప్పుకోలేదు. నక్షత్రం అక్షరంతో పేరు పెడితే తెలిసినవాళ్లు వినగానే పట్టేస్తారని, బిడ్డది ధనూరాశి కనుక దాని పేరు మీదుగా ధనుశ్రీ అని పెట్టాడు. "ధనుస్సంటే విల్లు. ఎంత వంచినా విరగదమ్మా" అని పిన్నికి చెప్పాడు. పురుడు వచ్చాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను. నక్షత్రం మాట గడప దాటకూడదని ఇంట్లో అందరికీ, ఎనిమిదేళ్ల నాకు కూడా, గట్టిగా చెప్పాడు.

ఆ పేరు వీధిలో అందరికీ నచ్చింది. "ఏం పేరబ్బా, శానా బాగుండాది" అంటూ పక్కింటి అత్త రోజూ వచ్చి బిడ్డను ఎత్తుకునేది.

మూడో నెలలో బాబాయి శనక్కాయల బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మర్నాడు ఆ అత్త నా ఒడిలో బొరుగులు పోసి, "పాపది ఏం నచ్చత్రమే? నీకేం తెలుస్తాదిలే, సిన్నపిల్లవి" అంది. తెలుసునని చూపించుకోవాలనిపించింది. చెప్పేశాను.

సాయంత్రానికి మా అరుగు నిండా ఆడవాళ్లు. "మూలదాన్ని ఇంట్లో పెట్టుకుంటే కాలొక్కటే పోయింది, ఇంగా నయం!" అన్నారెవరో. అవ్వకు కావలసిన బలం దొరికింది. మర్నాటి బస్సుకే పిన్ని బిడ్డతో వెళ్లిపోయింది.

ఆ రోజు తాతయ్య నా పక్కన కూర్చుని, "పేరైతే పెట్టినాం గానీ, ఊరి నోటికి మూత పెట్టలేకపోతిమి" అన్నాడు. మొదట తెరిచింది నా నోరేనని ఆయనకు తెలియదు.

బాబాయి ఎనభై దాటి బతికాడు. తల్లీబిడ్డలను మాత్రం తిరిగి పిలిపించుకోలేదు.

ఇప్పుడు మా ఇళ్లలో పిల్లలు పుడితే ఫోన్లలో రాశి పేర్లు చూపించి అర్థాలు అడుగుతారు. చెప్తాను. నక్షత్రం చెప్పబోతే వద్దంటాను. పెళ్లిళ్లలో కలిసినప్పుడు ధనుశ్రీ నా పక్కనే కూర్చుంటుంది. "తాతయ్య ఎంత మంచి పేరు పెట్టినాడో గదక్కా" అంటుంది. అవునమ్మా అంటాను. ఆ తర్వాత చెప్పవలసిన మాట ఈ వయసుకూ నా నోట రాలేదు.