చెడ్డ వార్త ముందు చెప్పమన్న రూత్

నిన్న పొద్దున రూత్ పోయింది.

ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తుంటే నాన్న అడిగిన మొదటి మాట, “ఇప్పుడు నీ వీసాకేమైనా ఇబ్బందా తల్లీ?”

వెనక అమ్మ పిన్నితో అంటోంది. “దానికి చదువంటే ప్రాణం. గైడ్ పోయేసరికి బెంగ పెట్టుకుంది.”

వీసా కోసం కాదు. చదువు కోసం అసలే కాదు.

పుట్టినప్పట్నుంచి చూస్తున్నవాళ్లకి నా ఏడుపు అర్థం కాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రూత్ నా ప్రొఫెసర్. హామిల్టన్‌లో నా మాస్టర్స్ థీసిస్‌కి గైడ్. ఇక్కడ పేరు పెట్టే పిలుస్తారు. నేను గారు తగిలిస్తే నవ్వేది. హార్బర్ అడుగున పేరుకున్న బురదలో స్టీల్ ఫ్యాక్టరీలు ఏమేం వదిలాయో వెతకడం మా ల్యాబ్ పని.

నేను వచ్చిన ఏడాది ఫ్లైట్ల నిండా మనవాళ్లమే. బేస్‌మెంట్‌లో రూమ్, వీకెండ్ కాఫీ షాప్‌లో షిఫ్టులు. సోమవారం పొద్దున ల్యాబ్ మీటింగ్‌లో కూర్చునే నిద్రపోయేదాన్ని. రూత్ ఒక్క మాట అనలేదు. ఉన్నట్టుండి మీటింగ్‌ని మంగళవారం మధ్యాహ్నానికి మార్చేసింది.

“సోమవారాలు నాకు పడవు” అంది.

అది నా కోసమేనని చాలా రోజుల తర్వాత మా ల్యాబ్‌లోనే ఉండే మార్కస్ చెప్పాడు.

ఆ మీటింగ్‌కి ఒకటే రూల్. ఏది చెడిందో అది ముందు చెప్పాలి. పాడైన శాంపిల్, తప్పిన లెక్క, ఏదైనా సరే. అందమైన గ్రాఫులు తర్వాత.

మన కాలేజీల్లో నేర్చుకొచ్చింది దీనికి పూర్తిగా రివర్స్ కదా. మొదటిసారి నేను గ్రాఫ్‌తో మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“ముందు చెడ్డ వార్త.”

“అంతా బాగానే ఉంది ప్రొఫెసర్” అన్నాను తలూపుతూ.

“అయితే నువ్వు బురద దాకా వెళ్లలేదన్నమాట. ఇంకోటి, నా ల్యాబ్‌లో తలూపడం నిషేధం. నచ్చకపోతే పోట్లాడు.”

నేర్చుకున్నాను. నా మూడో చాప్టర్ మీద ఇద్దరం కారిడార్‌లో వాదించుకుంటుంటే పక్క ల్యాబ్ వాళ్లు లేచి తలుపేసుకున్నారు.

గ్రాడ్ స్టూడెంట్స్‌ని బాగా నడిపించే ప్రొఫెసర్లకి మా యూనివర్సిటీ ఒక అవార్డు ఇస్తుంది. కిందటేడు మేమంతా కలిసి రూత్ పేరు పంపాం. వచ్చింది. స్టేజీ మీద ఆవిడ మాట్లాడింది ఇంతే. “వీళ్లు నా దగ్గర ఏదీ దాచరు. నేనూ వీళ్ల దగ్గర దాచను. మెంటరింగ్ గురించి నాకు తెలిసింది అదే.”

చేతులు మంట పుట్టేదాకా చప్పట్లు కొట్టాను.

ఆవిడకి ఒక సంగతి చెప్పుకున్నాను. ఈ దేశంలో ఇంకెవరికీ చెప్పలేదు.

బీటెక్ ఆఖరి పరీక్షల్లో ఉండగా మా అమ్మమ్మ పోయింది. ఇంట్లో చెప్పలేదు. హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా “అమ్మమ్మ పడుకుందమ్మా” అనేవాళ్లు. చివరి పేపర్ రాసి ఇంటికెళ్తే గోడకి దండ వేసిన ఫోటో. పెద్దకర్మ కూడా అయిపోయింది.

“నీ చదువు చెడుతుందని” అన్నారు.

ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది ఇళ్లలో జరిగే ఉంటుంది. మనకి మామూలే.

రూత్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “పరీక్ష రాయాలో, ఇంటికెళ్లాలో తేల్చుకోవాల్సింది నువ్వు. ఆ హక్కు నీ దగ్గర్నుంచి లాక్కున్నారు” అంది.

అప్పట్నుంచి నాలో ఉన్నదాన్ని మా ఇంట్లో అందరూ మొండితనం అంటారు. అది కోపమని గుర్తుపట్టిన మొదటి మనిషి రూత్.

ఆ మనిషికి చలికాలం నుంచి క్యాన్సర్.

ల్యాబ్‌లో అందరికీ తెలుసు. నాకు తప్ప.

ఈ మధ్య నా థీసిస్ కరెక్షన్లన్నీ వీడియో కాల్‌లోనే. కెమెరా పాడైందంది. వెనక ఏదో బీప్‌మంటుంటే మైక్రోవేవ్‌లో సూప్ పెట్టానంది.

“ఎంతసేపు తిప్పుతారు, ఆ సూప్ ఇంకా మిగిలిందా?” అన్నాను.

పగలబడి నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. అలర్జీ అంది.

నమ్మాను. చెడ్డ వార్త ముందు చెప్పే మనిషి కదా.

నిన్న బస్ స్టాప్‌లో ఉండగా మార్కస్ ఫోన్. చెప్పాల్సింది చెప్పాక అన్నాడు. “గురువారం నీ థీసిస్ డిఫెన్స్ అయ్యేదాకా నీకు తెలియనివ్వొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకుంది. నీ చదువు చెడకూడదని. ఇంక దాచలేం కదా.”

నీ చదువు చెడకూడదని.

బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది.

అమ్మమ్మ విషయంలో ఇంట్లోవాళ్ల మీద కోపం కొంచెం తగ్గింది, వాళ్లు తెలియక చేశారు. రూత్‌కి తెలుసు. నా నోటి నుంచే విన్నది. విని కూడా చేసింది.

ఫ్యునరల్ గురువారం పొద్దున. కమిటీ ముందు నా థీసిస్‌ని నిలబెట్టుకోవాల్సిన డిఫెన్సూ అప్పుడే. రూత్ ముందే కోరింది కాబట్టి ఆవిడ స్థానంలో ఇంకొకరు కూర్చుంటారట. నేను వద్దనుకుంటే వచ్చే టర్మ్‌కి వాయిదా. కానీ మిస్సిసాగాలో నాకొచ్చిన ఉద్యోగం అప్పటిదాకా ఆగదు. అడిగాను. ఆగదన్నారు.

సంగతంతా చెప్తే అమ్మ అంది, “నీ మంచికే కదే ఆవిడా చేసింది. మేం చేసిందీ అదేగా. వెళ్లి డిఫెన్స్ ఇచ్చిరా, ఆవిడ ఆత్మకి శాంతి.”

రూత్, మీ శాంతి నా డిగ్రీ మీద ఆధారపడి ఉందని నేను నమ్మను. ఆ బీప్ వినపడని చోట, ఏ నొప్పీ లేకుండా నిద్రపోండి. నాకు మాత్రం మీ మీద కోపం పోలేదు.

మీ రూల్ ప్రకారం చెడ్డ వార్త ముందు.

గురువారం డిఫెన్స్ ఇవ్వట్లేదు. డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టేశాను. మిస్సిసాగా వాళ్లకీ రానని చెప్పేశాను.

ఫ్యునరల్‌కి వస్తున్నాను.