తన మీదా కేసు వేయమన్న ఎల్లవ్వ

2022 ఎండాకాలం. జనగామ సివిల్ కోర్టులో నేను వకీలుగా చేరి అప్పటికి పదిహేనేళ్లు. బచ్చన్నపేట వైపు నుంచి సోమయ్య అనే రైతు వచ్చాడు. తన పత్తి చెల్క చేను మధ్యలోంచి పక్క చేను వెంకన్న బండి తోలుతున్నాడని, అక్కడ అసలు బాటే లేదని కోర్టు చేత చెప్పించమని అడిగాడు. డిక్లరేషన్ సూట్ వేశాను. ఒక హక్కు ఉందనో లేదనో కోర్టు ప్రకటించాలని కోరే దావా అది. ప్రతివాది వెంకన్న ఒక్కడే.

నాలుగైదు వాయిదాలయ్యాక వెంకన్న మెత్తబడ్డాడు. అతనికి రోడ్డు వైపు వేరే దారి దొరికింది. ఇక బాట మూసేసుకుందామని ఇద్దరూ రాజీకి వచ్చారు.

ఆ వారంలోనే ఎల్లవ్వ నా ఆఫీసుకు వచ్చింది. వెంకన్న చేనుకు అవతల ఆమెకు ఎకరం ఉంది, ఒక్కతే సాగు చేసుకుంటుంది.

"గా బాట మీదికెల్లి నేను సుత పోత సారూ. కేసుల నా పేరెందుకు లేదు?"

పేరు లేకపోతే నీకే మంచిది కదా అన్నాను.

"ఏం మంచి? వాళ్లిద్దరు ఒక్కటై బాట దున్నితే నేను చేనుకు ఎట్ల పోవాలె? నా మీద గూడ ఎయ్యి కేసు."

అలా అడిగిన మనిషిని అంతకుముందు చూడలేదు. నేను అవతలి పక్షం వాణ్నని చెప్పి, వేరే వకీలును పెట్టుకోమన్నాను. పెట్టుకుంది. ఇంప్లీడ్ పిటిషన్ పడింది. నడుస్తున్న దావాలో తననూ చేర్చమనే దరఖాస్తు అది. అవసరమనిపిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 10 కింద కోర్టు చేర్చవచ్చు.

నేను గట్టిగానే ఎదిరించాను. ఎవరి మీద దావా వేయాలన్నది వాది ఇష్టమని, ఎల్లవ్వతో మాకు తగాదా లేదని వాదించాను. జడ్జిగారు సోమయ్యను ముందుకు పిలిచి, బాట మూస్తే ఆమె ఎటు నుంచి పోతుందని అడిగారు. సోమయ్య నా వైపు చూశాడు.

"ఇంకో తొవ్వ లేదు సారూ," అన్నాడు మెల్లగా.

ఎల్లవ్వ రెండో ప్రతివాది అయింది. ఈసారి రాజీకి ముగ్గురూ కూర్చున్నారు. చెల్క మధ్యలోని బాట గెట్టు పక్కకు జరిగింది. వెంకన్న కూడా తన గెట్టు వెంట బండి పట్టేంత జాగా వదిలాడు.

డిక్రీ అయిన రోజు సోమయ్యతో, ఎల్లవ్వ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు అడగలే గద సారూ," అన్నాడు.

నిజమే. సర్వే నంబరు అడిగాను, భూమి రికార్డు పహాణీలు అడిగాను. ఆ బాటన ఇంకెవరు నడుస్తారని అడగలేదు. ఇప్పుడు ఏ బాట దావా రాయబోయినా, ముందు అడిగేది ఆ మాటే.