గట్టు వెనుక నిచ్చెన

దయ్యాలు, గాలి సోకడం లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. ఊళ్లో ఎవరికైనా పూనకం వస్తే, ముందు కడుపుకింత పెట్టండి అనేదాన్ని. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, తప్పులుంటే దిద్దుకోండి.

కుప్పం దగ్గర అడవి అంచున మా రాగి చేను. ఒకరోజు తెల్లవారుతూ వెలుతురు వస్తుండగా ఏనుగులు దిగాయి. మేమిద్దరం మంచె మీద ఉన్నాం. అవి చేను ఆ చివర ఉండగానే, కింద కట్టేసిన ఆవును విప్పడానికి మా ఆయన దిగాడు. నేను భయంతో కళ్లు మూసుకున్నాను. జనం వచ్చి భుజాల మీద దింపేదాకా తెరవలేదు. ఆవు బతికింది, ఆయన పోయాడు. మంచెకు నిచ్చెన లేదు. ఏనుగు లాగేసిందనుకున్నాను.

నేనూ దిగి అరిచి ఉంటే బతికేవాడేమో. అదే లోపల తొలిచేది. పుంగనూరులో కూతురు రత్నమ్మ ఇంటికి వచ్చాక కూడా కుదురు లేదు. లారీ హారన్ వినబడితే ఏనుగు అరిచినట్టే అనిపించి, ముద్ద వదిలేసి వీధిలోకి పోయేదాన్ని.

"యాలమ్మా అట్ల తిరుగుతాండావు? కాళ్లు అరిగిపోతాయి," అని రత్నమ్మ నన్ను మదనపల్లెకు బస్సెక్కించింది.

అక్కడ మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ నా ముఖం ముందు రెండు వేళ్లు అటూ ఇటూ ఆడించింది. ఆ పొద్దును తలుచుకుంటూ, తల కదపకుండా కళ్లతో వాటి వెంట పోవాలి.

"ఈగలు తోలినట్ల తోలితే దడ పోతాదా తల్లీ?" అన్నాను.

"చూద్దాం. వేళ్లను మాత్రం వదలొద్దమ్మా," అని నవ్వింది.

మూడోసారి పోయినప్పుడు, వేళ్ల వెంట కళ్లు పోతుండగా, ఆ పొద్దుటి మా ఆయన కనబడ్డాడు. మంచె దిగగానే నిచ్చెన మోసుకుపోయి గట్టు వెనుక పడేశాడు. భుజం మీది తుండుగుడ్డ మడిచి దానిమీద పెట్టాడు. ఒకసారి నా వైపు చూసి ఆవు దగ్గరికి పోయాడు.

ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా కుప్పంలోని మరిదికి ఫోన్ చేశాను. "ఆ పొద్దు నిచ్చెన యాడ దొరికె మునెప్పా?" అని మాత్రం అడిగాను.

"గట్టు ఎనకాల ఉండె వదినా. పైన అన్న తుండుగుడ్డ మడిచి ఉండె. నువ్వు దిగొస్తావనే తీసినట్టుండాడు. చెప్తే ఇంకా ఏడుస్తావని ఊరకుంటి. నీకెవురు చెప్పిరి?"

ఫోన్ పెట్టేశాను.

నిచ్చెన లాగిన చప్పుడు చెవిన పడి, మిగిలింది మనసు కట్టుకుని ఉంటుందని డాక్టరమ్మ అంటుంది. గుడ్డ మడిస్తే చప్పుడవుతుందా? దడ తగ్గింది, అబద్ధం చెప్పను. ఆయనే నన్ను దిగనివ్వలేదని తెలిసింది. కళ్లు మూసుకుని అదంతా ఎట్లా చూశానో మాత్రం ఈనాటికీ అంతుపట్టలేదు. నిచ్చెనకూ గుడ్డకూ మునెప్ప సాక్షి ఉన్నాడు. ఆయన నా వైపు చూశాడే, అది నిజమా కాదా అని ఎవరిని అడగాలి?