లేని ఊరి జనాభా

మా ఆఫీసు పనల్లా రాష్ట్రం గురించి ఒక లావుపాటి పుస్తకం తేవడం. కొండలు, ఏళ్లు, ఏలినవాళ్లు, పంటలు, కర్మాగారాలు, పాటలు, ఆటలు అన్నీ అందులో ఉంటాయి. జనాభా లెక్కలు తీసినప్పుడల్లా, అంటే పదేళ్లకోసారి, కొత్త కూర్పు వేస్తాం. ఎవరూ చదవరు. అన్ని ఆఫీసుల బీరువాల్లోనూ మాత్రం ఉంటుంది.

అందులో పటాలన్నీ గీసింది పటాలాయన. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఏ వాగు ఏ ఏట్లో కలుస్తుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు గానీ, తన ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఉన్న రెండు వీధులు తప్ప మరో దారి తొక్కి ఎరగడు. నోట్లో నాలుక లేని మనిషి. పిల్లల్లేరు. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, దాని మీద ఆయన, ఆయన మీద ఎండ. అంతే.

నేను ప్రూఫులు దిద్దడానికి చేరిన ఏడాది మూడో కూర్పు తయారవుతోంది. ఊళ్ల జనాభా పట్టిక కూడితే ఒక జిల్లాలో మొత్తం కుదరలేదు. నూట అరవై ఐదు ఎక్కువ వస్తోంది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని, చివరికి కొండల అంచున ఉన్న ఒక చిన్న ఊరి దగ్గర పట్టేశాను. లెక్కలవాళ్ల కాగితాల్లో ఆ ఊరే లేదు. పేరు చెప్పను, ఎవరైనా వెతుక్కుంటూ పోతారు.

ప్రూఫు తీసుకెళ్లి ఆయన బల్ల మీద పడేశాను. ఆయన తలుపు వంక చూసి గొంతు తగ్గించాడు.

"అది ఎరమ్మా. మన పటాలు దొంగతనంగా అచ్చేసుకునేవాళ్లు ఉన్నారు కదా. వాళ్ల పటంలో కూడా ఈ ఊరు కనబడితే దొరికిపోయినట్టే. ఇద్దరు దొరికారు కూడా. పటంలో ఉండి పట్టికలో లేకపోతే అనుమానం వస్తుందని జనాభా కూడా వేశాను."

నాకు నవ్వొచ్చింది. పాత కూర్పులు తిరగేశాను. మొదటి దాంట్లో నూట అరవై మూడు, తర్వాత నూట అరవై నాలుగు, ఇప్పుడు నూట అరవై ఐదు.

"పదేళ్లకి ఒక్కరే పుడతారా బాబాయిగారూ, మీ ఊళ్లో? మరీ అంత బద్ధకమా?" అన్నాను.

"పుట్టలేదమ్మా, వచ్చారు. ముందు మా అమ్మ వచ్చింది. తర్వాత మా తమ్ముడు."

వాళ్లిద్దరూ పోయిన సంగతి నాకు తెలుసు. నోరు పారేసుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను. మా పిన్ని, అంటే ఆయన భార్య, అప్పటికింకా బతికే ఉంది. ఆవిడ కట్టిచ్చిన రెండు గిన్నెల క్యారేజీ విప్పి, పై గిన్నె నా వైపు జరిపాడు.

నాలుగో కూర్పు ప్రూఫు వచ్చేసరికి నాకూ కళ్లజోడు వచ్చింది. ఆ ఊరి వరసలో నూట అరవై ఆరు అని ఉంది. ఆయన క్యారేజీ అప్పటికీ రెండు గిన్నెలదే, పైది ఖాళీ. మధ్యాహ్నం దాన్ని తీసి పక్కన బోర్లించి, కింది దాంట్లోది తినేవాడు. చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. ఎదుటి కుర్చీలో కూర్చుంటే మాత్రం, "వెళ్లమ్మా, నీకు పనుంటుంది" అనేవాడు.

ఆ నెలలోనే కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ పటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమంది. ప్రతి ఊరికీ ఒక నంబరు ఉండాలి, నంబరు లేని ఊరు కొట్టేయాలి అంది. కొట్టేయాల్సింది ఒకే ఒక్క ఊరు.

"దొంగల్ని పట్టడానికి ఇప్పుడు వేరే పద్ధతులున్నాయండీ. మీరు వారంలో రిటైరవుతున్నారు, ఈ కాస్త సరిచేసి వెళ్లండి" అందావిడ. ఆవిడ తప్పేమీ లేదు. మర్యాదగానే చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లకుండా బల్ల దగ్గరే చాలాసేపు కూర్చున్నాడు. ఆ ముగ్గురినీ ఎక్కడికి పంపాలో ఆయనకి తెలియలేదని నాకు తెలుసు. నాకూ తెలియలేదు.

మర్నాడు సరిచేసిన ప్రూఫు వచ్చింది. ఊరు పోయింది. పటంలో ఆ చోట తెల్లగా ఉంది. పట్టిక మళ్లీ కూడి చూశాను. మూడు ఎక్కువ వచ్చింది. ఒక్కో వరసా లెక్కలవాళ్ల కాగితంతో పోల్చుకుంటూ వచ్చాను. తేడా మేముండే ఊరి దగ్గర తేలింది. మా ఊరి జనాభాలో ముగ్గురు పెరిగారు.

ప్రూఫు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఈసారి బల్ల మీద పడెయ్యలేదు.

"నూట అరవై ముగ్గురూ నేను కల్పించినవాళ్లు. తీసేశాను" అన్నాడు. "వీళ్లు ముగ్గురూ ఉన్నవాళ్లే కదమ్మా. ఎక్కడికి పొమ్మనను? మనూళ్లోకి తెచ్చుకున్నాను."

"బాబాయిగారూ, ఇది లెక్క."

"తెలుసు. నువ్వు దిద్దు. నా చేత్తో నేను తీయలేను."

ఎర్ర కలం తీసి, మళ్లీ మూత పెట్టేశాను. మాట మార్చడానికి, "లెక్కలవాళ్లు మీ ఇంటికి వచ్చినప్పుడు వాళ్లకీ పటం గీసిచ్చి దారి చూపించారా?" అని వేళాకోళమాడాను.

"నన్నెక్కడ రాసుకున్నారమ్మా? మీ పిన్ని పోయి అప్పటికి నాలుగు నెలలు. రెండుసార్లు వచ్చారట. ఇల్లు తాళం వేసుంది, నేనిక్కడున్నాను. అది ఉంటే తలుపు తీసేది. ఖాళీ ఇల్లని రాసుకుని పోయారు." ఎవరిదో సంగతి చెప్పినట్టు చెప్పాడు.

నేను ఆ అంకె కొట్టేసి, పక్కన కొత్త అంకె రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, లెక్కలవాళ్ల కాగితం పక్కన పెట్టుకుని చూశాడు.

"ఇద్దర్నే తీశావు. ఇంకా ఒకరు ఎక్కువున్నారమ్మా" అన్నాడు.

"అది మీరు" అన్నాను.