తలుపులు లేని అలమార

మా అత్త పోయిందని నాయన ఫోను చేసినప్పుడు నా దగ్గర నేర్చుకొనే ఒక పాప తెచ్చిన గిటారు నా ఒళ్ళో ఉంది. తెగిన తీగ తీసేసి కొత్తది కడతా ఉన్నాను. "పొద్దున పాలు పిండింది. చెంబు లోపల పెట్టింది. వచ్చి మెట్టు మీద కూర్చుంది. అంతేమ్మా," అన్నాడు నాయన. ఏ సంగతైనా మొదటి నుంచి సాగదీసి చెప్పే మనిషి, ఇంత కొంచెంలో ముగించడం నేనెప్పుడూ వినలేదు. చేతిలో ఉన్న తీగ బిగించి, శ్రుతి చేసి, గిటారు పాప చేతికిచ్చి, ఆ తర్వాతే అత్త ఊరు సోగత్తూరుకు బస్సెక్కినాను. పని సగంలో పడేసి వచ్చినానని తెలిస్తే అత్త నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

అత్త అంటే నాయనకు అక్క. మామ చాలా ముందే పోయినాడు. తమిళనాట ధర్మపురి అంచున ఉన్న ఆ ఊళ్ళో ఎనుములు, అంటే గేదెలు, పెట్టుకొని, పాలు పోసి, తన పేరు మీద తానే ఇల్లు కట్టించుకున్న మనిషి. కట్టినన్నాళ్ళూ బోర్లించిన సిమెంటు తట్ట మీద కూర్చొని మేస్త్రీని తమిళంలో, ఎనుమును తెలుగులో తిట్టేది. ఒక్కోసారి భాషలు తారుమారయ్యేవి. మేస్త్రీకి తెలుగు తిట్టు పడితే ఆయన ఎనుము వైపు చూసి, "అమ్మా, ఇది నాకా, దానికా?" అని అడిగేవాడు. "ఎవరికి తగిలితే వాళ్ళకు" అనేది.

ఆ ఇల్లు లేస్తున్న కాలంలోనే నా డిగ్రీ అయిపోయింది. చదివింది ఫిజిక్సు, చేసేది ఏమీ లేదు. ఒక చోట కుదురుగా కూర్చోలేని దాన్ని, ఇంట్లో కూర్చోమంటే గోడలకు పిచ్చెక్కేది. నాయన బ్యాంకు పరీక్షలకు పుస్తకాలు తెచ్చి పెట్టినాడు. నా మనసంతా ఒక విరిగిన గిటారు మీద ఉంది. కాలేజీ హాస్టల్లో నా స్నేహితురాలి ఎలక్ట్రిక్ గిటారు మెట్ల మీద నుంచి దొర్లి, ఒళ్ళు రెండుగా చీలింది. మెడ, తీగలు, తీగల వణుకును పట్టే అయస్కాంతాల డబ్బీ మాత్రం బాగున్నాయి. ఆమె పారేస్తానంటే నేను సంచిలో వేసుకొని వచ్చినాను.

అత్త ఆ సంచిలోకి తొంగి చూసి, "ఏమే కోడలా, ఒళ్ళు లేకుండా ఒట్టి మెడ తెచ్చినావు?" అనింది.

"ఒళ్ళు నేనే చేస్తా అత్తా. వీణకు మాదిరి దీనికి డొల్ల పొట్ట అక్కరలేదు. గట్టి చెక్క ఒకటి ఉంటే చాలు."

"చెక్కకేం కరువు? ఇల్లంతా అదే కదా," అని వెనక వైపు చెయ్యి చూపించింది. మిద్దె పోసేటప్పుడు సెంట్రింగు కోసం కోయగా మిగిలిన పలక ముక్కలు అక్కడ గుట్టగా పడి ఉన్నాయి, సిమెంటు మరకలతో. మంచివి ఏరుకొని, కాగితం మీద గిటారు ఆకారం గీసి, మేస్త్రీ దగ్గర సుద్ద అడిగి పలక మీద దించినాను. ఆసారి, అంటే తలుపులు చేసే వడ్రంగి, తన రంపం ముట్టనిచ్చేవాడు కాదు. అత్త ఆయనకు టీ ఇచ్చి మాటల్లో పెట్టేది, ఆ సందులో నేను కోసుకొనేదాన్ని. మూడు పొరలకు తెల్ల జిగురు పూసి ఒకదాని మీద ఒకటి పెట్టి, నొక్కిపట్టే దానికి పైన సిమెంటు మూటలు పేర్చినాము. గోడలకు పూసే పుట్టీ అంచుల సందుల్లో కూరి, ఒళ్ళంతా కూడా పూసినాను.

నేను రంపం పట్టుకొని ఉండగా ఒకనాడు నాయన వచ్చినాడు.

"డిగ్రీ చదివి రంపం పట్టుకున్నావా?"

నా బదులు అత్త అందుకుంది. "చదవకుండా నువ్వేం పట్టుకున్నావురా?"

అక్కను ఎదిరించే ధైర్యం నాయనకు ఎప్పుడూ లేదు. తువ్వాలు దులిపి, "సరే అక్కా. గృహప్రవేశం దాకా ఆడుకోనీ. ఆ దినం బంధువుల ముందర అది మోగాల. మోగలేదనుకో, పొయ్యిలో పెట్టేసి నేను తెచ్చిన పుస్తకాలు పట్టుకోవాల. మళ్ళీ ఈ పేరెత్తకూడదు," అన్నాడు.

"మోగుతుంది పోరా," అనింది అత్త. గిటారు ఎట్లా మోగుతుందో ఆమెకు తెలియదు. నేను అప్పటికింకా దాన్ని సరిగా పట్టుకోవడం కూడా నేర్చుకోలేదు. అయినా మా ఇద్దరి తరఫునా ఆమె ఒప్పేసుకుంది.

ఇక్కడ అత్తకున్న ఒక అలవాటు చెప్పాల. మిద్దె పోసిన దినం మేస్త్రీ, "పొద్దున, సాయంత్రం నీళ్ళు పట్టమ్మా, అప్పుడే గట్టిపడుతుంది" అని చెప్పినాడు. ఆ మాటను ఆమె ఇల్లు ముగిసేదాకా వదలలేదు. మిద్దె మీద మట్టితో చిన్న గట్లు కట్టి మడి మాదిరి నీళ్ళు నిలబెట్టింది. పూత పూసిన గోడలకు పట్టింది. మెట్లకు పట్టింది, ఎనుములు మేసే గాటి అంచుకు పట్టింది. అరచేయి గోడకు ఆనించి, వాసన చూసి, "ఇంగా తాగుతుంది" అనేది. నేను పలచగా ఉన్నానని నాకు మజ్జిగ పోసేటప్పుడు కూడా అదే మాట. "నీళ్ళు పడితే ఏదైనా గట్టిపడుతుంది మే."

గృహప్రవేశం దగ్గర పడింది. పుట్టీ ఆరాలని గిటారు ఒళ్ళును పిట్టగోడ మీద పెట్టి మా ఇంటికి పోయినాను. పొద్దున వచ్చి చూస్తే దాని మీద తడి గోనెపట్టా కప్పి ఉంది. పక్కన బిందె. బిందె పక్కన అత్త, ముఖం వెలిగిపోతా.

"నీ దానికి కూడా రాత్రి, పొద్దున రెండు పూటలా పట్టినాను. ఎంత పట్టినా తాగుతుంది మే!"

గోనెపట్టా ఎత్తినాను. పుట్టీ పాయసం మాదిరి జారిపోయింది. నీళ్ళకు జిగురు కరిగి, మూడు పొరలూ ఎవరి దోవన వాళ్ళు విడిపోయినారు. ఎండలో పెడితే మధ్యాహ్నానికి అప్పడాల మాదిరి వంకర తిరిగినాయి. నాకు ఏడుపు రావాల, కానీ ఆమె ముఖం చూసి నవ్వొచ్చింది. నవ్వుతానే ఏడ్చినాను. అత్త నవ్వలేదు. పొరలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "సిమెంటు కాదా ఇది?" అని మెల్లగా అడిగింది. తెల్లగా పూత పూసి ఉన్నదాన్ని చూసి ఆమె ఇంకేమనుకుంటుంది?

సెంట్రింగు వాళ్ళు మిగతా పలకలను అంతకు ముందే బండిలో వేసుకొని పోయినారు. ఆసారి దగ్గర అంత పెద్ద చెక్క మిగల్లేదు. "పొయ్యిలో పెట్టే పని కూడా లేదు అత్తా, తడిసిపోయింది," అన్నాను. నాయన పుస్తకాలు కళ్ళ ముందు కనపడుతున్నాయి.

అత్త వంటింట్లోకి పోయింది. గోడలో కట్టిన అలమారకు చేయించిన కొత్త తలుపులు, రెండు రెక్కలు, ఇంకా బిగించకుండా మూల ఆనించి ఉన్నాయి. మందమైన ప్లైవుడ్డు, పిడి బిగించే దానికి ఆసారి ముందే తొలిచిన బొక్కలతో. ఆ వంటిల్లంటే ఆమెకు ప్రాణం. పాత గుడిసెలో డబ్బాలన్నీ నేల మీదే ఉండేవి. అలమార ఇంత ఎత్తుండాల, అరలు ఇన్నుండాల అని చెయ్యి చాచి చాచి చూపించి కట్టించుకుంది. ఆ రెక్కలను చెరో చంకన పెట్టుకొని బయటికి తెచ్చి నా ముందర ఆనించింది.

"కొయ్యి."

"అత్తా, నీ అలమార..."

"నా అలమారే. నీదా? అరలు ఏడికీ పోవు. కొయ్యి మే, నేను పట్టుకుంటా."

నేను కోస్తా ఉంటే రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఒక రెక్కను తిరగేసి ఇంకోదాని మీద పెడితే రెండు పిడి బొక్కలూ సరిగ్గా ఒకచోటికి వచ్చినాయి. సరిగ్గా ఆ చోట సౌండు పెంచే తగ్గించే తిప్పుడు గుండీ పెట్టినాను. "పిడి ఉండే చోటే పిడి పడింది," అని అత్త తృప్తిగా చూసుకుంది. ఈసారి జిగురు వడ్రంగి ఆసారే ఇచ్చినాడు, నీళ్ళకు విడవనిది. అయినా అది ఆరేదాకా బిందెలన్నీ ఎనుముల కొట్టంలో దాచిపెట్టుకుంది, తన చేతుల మీద తనకే నమ్మకం లేక. కిటికీ కమ్ములకు వేయగా మిగిలిన నీలం రంగు పూసినాము. చివర్న దిష్టికని ఒక నల్లదారం తెచ్చి గిటారు తలకు కట్టింది. "ఇంటికి దిష్టిబొమ్మ కట్టినాము, దీనికి వద్దా?"

గృహప్రవేశం నాడు ఆవునూ దూడనూ లోపలికి తోలుకొచ్చి, పాలు పొంగించి, ఆవును వాకిట్లో కట్టేసినారు. వాకిట్లో మైక్ సెట్టు. దాన్ని తెచ్చిన ఆయన్ను బతిమాలి నా గిటారు వైరును ఆయన సౌండు పెట్టెకు తగిలించినాను. బంధువులంతా కూర్చున్నారు. నాయన స్తంభానికి ఆనుకొని నిలబడినాడు, చేతులు కట్టుకొని. చెమటకు నా వేళ్ళు జారిపోతా ఉన్నాయి. గుండీ తిప్పినాను. ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పినాను. లేదు. నాయన ముఖం చూడలేకపోయినాను.

"గట్టిగా తిప్పు మే, అలమార తెరిచినట్ల!" అని లోపల నుంచి అత్త కేక.

గట్టిగా తిప్పి, అన్ని తీగలనూ ఒకేసారి మీటినాను. టెంకాయ చెట్టుకు కట్టిన రెండు హారన్లలోంచీ అది ఊరంతా మోగింది. ముసలివాళ్ళు చెవులు మూసుకున్నారు. ఆవు నెమరు ఆపి, తల ఎత్తి, ఒకసారి పొడవుగా అరిచింది. వెనక కొట్టంలోంచి ఎనుము కూడా అందుకుంది. అందరూ ఒకేసారి నవ్వినారు. పూజ చేయించిన అయ్యవారు కూడా నవ్వినాడు.

"ఆవు ఒప్పుకుంది," అనింది అత్త, బయటికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని. "ఇంగెవురికన్నా అడ్డం ఉంటే ఇప్పుడే చెప్పండి."

నాయన మరుసటి దినం ఆ పుస్తకాలను తానే పక్కింటి వాళ్ళకు ఇచ్చేసినాడు. ఇప్పుడు నేను ధర్మపురిలో ఒక చిన్న గదిలో పిల్లలకు గిటారు నేర్పిస్తాను, విరిగినవి బాగుచేస్తాను. కారిమంగళం నుంచి కూడా తెస్తారు. నీలం గిటారు గోడకు తగిలించి ఉంటుంది. అడిగినవాళ్ళకు ఇది అలమార తలుపు అని చెబితే నమ్మరు.

అత్త వంటింటి అలమారకు మాత్రం తలుపులు రాలేదు. తన పాత పసుప్పచ్చ చీర చింపి, దారం మీద కర్టెను కట్టుకుంది. చూసినవాళ్ళు ఊరుకోరు కదా, తలుపులు ఏవని అడిగేవాళ్ళు. ఒకరికి, ఆసారి ఊళ్ళో లేడని చెప్పింది. ఇంకొకరికి, గాలాడకపోతే ఊరగాయ పాడవుతుందని. మా చిన్నమ్మ మరీ గుచ్చి గుచ్చి అడిగితే, "వాస్తు" అనింది. చిన్నమ్మ నోరు మూసుకొని ఇంటికి పోయి తన అలమార వైపు అనుమానంగా చూసుకుందంట. నేను కొత్తవి చేయిస్తానని ఎన్నిసార్లు అన్నా, "ఉండనీ, నాకిదే సులువు. చేతులు తడిగా ఉన్నా పక్కకు తోస్తే పోతుంది," అనేది.

నాకు తెలుగు అక్షరాలు బడిలో రాలేదు, తర్వాత ఫోనులో చూసి దిద్దుకున్నాను. అత్తకు అవి కూడా లేవు. ఇది చదివి వినిపించి ఉంటే, "నీళ్ళు పోసింది కూడా రాసినావా?" అని ఒక మొట్టికాయ వేసి ఉండేది. ఆ తర్వాత ఆ భాగమే మళ్ళీ చదవమనేది.

పెద్దకర్మ ముగిసి బంధువులు పోయినాక వంటింట్లో నాయన కనిపించినాడు. చేతిలో కొత్త మడతబందులు, టేపు.

"అక్క ఇంట్లో ఆ ఒక్క లోటు ఎందుకని," అన్నాడు.

"నాయనా, ఆ తలుపులు..."

"తెలుసు లేమ్మా. గృహప్రవేశం దినమే చూసినాను. ఇక్కడ తలుపులు లేవు, నీ చేతిలో కొత్త చెక్క. అది కనుక్కొనే దానికి డిగ్రీ చదవాలా? ఆమె ఉన్నన్నాళ్ళూ అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను."

టేపు లాగి ఎత్తు కొలిచినాడు. వెడల్పు కొలిచే దానికి కర్టెను పక్కకు తియ్యబోయి, చెయ్యి అట్లే ఆపేసినాడు. నేను దగ్గరికి పోయి చూసినాను. చీర వెలిసిపోయింది. అంచులో ఒక్కచోట మాత్రం, సరిగ్గా పిడి ఉండాల్సిన ఎత్తులో, వేళ్ళ మరకలు. పసుపువీ, నూనెవీ, కారానివీ, ఒకదాని మీద ఒకటి. అత్త రోజూ అదే చోట పట్టుకొని పక్కకు తోసేది.

నాయన ఆ మరకలకు తగలకుండా కర్టెనును మళ్ళీ సరిచేసినాడు. మడతబందులు చొక్కా జేబులో వేసుకున్నాడు. కిటికీలోంచి గాలి వస్తే ఆ గుడ్డ కొంచెం లోపలికి పోయి, మళ్ళీ బయటికి వచ్చింది.