బజ్జీలు చుట్టిన కథ

మొన్న నేనుండే ఈ పరాయి దేశపు ఊళ్ళో, వాటర్లూలో, బస్సెక్కితే కాలు పెట్టే చోటు లేదు. ఈమధ్య ఎప్పుడెక్కినా అంతే, సగం బస్సు మన తెలుగు పిల్లలే. ఒకమ్మాయి లేచి, "కూర్చోండి అంకుల్" అని సీటిచ్చింది. ఆమె చేతిలోని పుస్తకం అట్ట మీద మా పాత పొరుగాయన ఫొటో కనబడింది. ఆయన చనిపోయి ఇన్నేళ్ళయినా నాకు మళ్ళీ కడుపు మండింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం, కింద నేను, పైన ఆయన. వాళ్ళ దేశపు సైనిక నియంత ఆయన పుస్తకాలన్నీ తగలబెట్టించి ప్రాణం కూడా తీయబోతే, దేశం దాటి వచ్చిన నవలాకారుడాయన. లైబ్రరీలో ఆయన చదువుతుంటే జనం గోడలకానుకుని నిలబడి వినేవారు. నేనూ కథలు రాసేవాణ్ణే గాని, తెలుగు సంఘం సావనీరులో నా కథ పడితే అందరూ దాన్ని దాటేసి తమ ఫొటోలు వెతుక్కునేవారు. నన్ను కూడా ఏ నియంతో తరిమి ఉంటే ఈపాటికి ఎంత పేరొచ్చేదోనని, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, చాలాసార్లు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా సొంతూరు తెనాలి నుంచి మా బావగారు ఉత్తరంలో ఒక నూనె మరకల కాగితం మడిచి పంపారు. వారపత్రికలో అచ్చయిన నా కథే, బజ్జీల పొట్లంగా ఆయన చేతికొచ్చిందట. బజ్జీలు బాగున్నాయి, కథ మాత్రం సగమే దొరికిందని రాశారు.

కాఫీకి దిగివచ్చిన పొరుగాయన అదేమిటని అడిగితే, నవ్వించి నా అవమానం కప్పిపుచ్చుకుందామని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. కాగితాన్ని వాసన చూశారు. తమ దేశంలో తన పేరున్న కాగితం దొరికితే ఆ ఇంటి మనిషిని పట్టుకుపోతారని, ఏ కొట్టువాడూ అందులో ఏదీ చుట్టే ధైర్యం చేయడని, సొంత ఊళ్ళో జనం చేతుల్లో తిరుగుతున్న నన్ను చూస్తే అసూయగా ఉందని మొహం మీదే అన్నారు. ఆ కాగితం తనకిమ్మని అడిగారు.

నేనివ్వలేదు. ఆయన దగ్గర లేనిది ఒక్కటంటే ఒక్కటి నా దగ్గరుంటే ఎలా ఇస్తాను? మరుసటేడు ఆయన ఇంకో ఊరు వెళ్ళిపోయారు, మళ్ళీ కలవలేదు.

ఇప్పుడు వాళ్ళ దేశంలో బడిపిల్లలకు కూడా ఆయన రచనలు పాఠాలేనని బస్సులో ఆ అమ్మాయి చెప్పింది. నేనూ రాస్తానని చెప్పబోయి ఊరుకున్నాను. నా కథలేసిన వారపత్రిక ఏనాడో మూతబడింది, తెనాలిలో బజ్జీలు కూడా ఇప్పుడు కవర్లలోనే ఇస్తున్నారట. ఆ కాగితం మాత్రం ఇంకా నా సొరుగులోనే ఉంది. నన్ను చూసి అసూయపడిన రచయిత ఈ లోకంలో ఆయనొక్కరే, ఆయన అడిగిన ఆ సగం కథ కూడా ఇవ్వకుండా పంపేశాను.