పారిపోతున్నానని పట్టుకొచ్చారు

మా అమ్మ పోయాక ఆరు నెలలు నాకు సరిగా నిద్ర లేదు. కూర మాడినా ఏడుపొచ్చేది. డాక్టరమ్మ మందులు రాసి, రోజూ పొద్దున్నే నడవమంది. పోయిన పత్తి సీజనులో ఆదోనిలోని మా ఇంటి నుంచి ఎమ్మిగనూరు రోడ్డు మీద నడక మొదలుపెట్టాను.

నాలుగో రోజు ధైర్యం చేసి, కుచ్చిళ్ళు పైకి దోపుకొని పరుగెత్తాను. రొప్పుతుంటే అన్నాళ్ళ దుఃఖమూ ఒక్కసారిగా పొంగుకొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే పరుగెత్తాను.

పత్తి తీయడానికి కూలీలు పోతున్న ఆటో ఒకటి నా పక్కన ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ దిగి నా చెయ్యి పట్టుకుంది.

"యాడికి పోతాండావు తల్లీ?"

"యాడికీ లేదమ్మా, వ్యాయామం చేస్తాండాను."

"ఏడ్సుకుంటా వ్యాయామం సేసేటోళ్ళను నేను యాడా సూడలే. మొగుడు కొట్టినాడా?"

కాదని ఎంత చెప్పినా వినకుండా, నన్ను ఎక్కించుకొని, దారి నాచేతే చెప్పించి ఆటోను మా ఇంటికి తిప్పించింది.

మా ఆయన నోట్లో బ్రష్షుతో తలుపు తీశారు.

"ఏమప్పా, ఆడబిడ్డను ఇట్ల ఏడిపిచ్చి రోడ్డు మీదికి తోల్తావా?" అని ఆవిడ నిలదీసింది.

"నేనేం చేసినా?" అన్నారాయన నురగతోనే. ఇరుగుపొరుగు వాకిళ్ళలోకి వచ్చేశారు. సిగ్గుతో తల వంచుకున్నదాన్ని, ఆయన ముఖం చూసి పకపకా నవ్వేశాను. అమ్మ పోయాక అదే మొదటి నవ్వు. సంగతి తెలిశాక ఆవిడా నవ్వుతూ ఆటో ఎక్కింది.

ఇప్పుడు నాకు నిద్ర పడుతోంది, మనసూ తేలికపడింది. మా ఆయన కూడా రోజూ నా వెంట పరుగెత్తుతున్నారు. ఆరోగ్యం కోసం కాదట, సాక్ష్యం కోసమట.